పారిస్‌కి సీట్లు లేవట

ఆయన పోయారని మా కొలోన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద వరసగా దండాలు, తెల్లపూలు, ‘మంచి మనిషి’ అన్న మాట. ఒకరిని చూసి ఒకరు రాసినట్టు అందరూ అదే రాశారు. నాకు ఒళ్ళు మండింది. పోయినాయన మీద కోపమేమిటని మా ఆయన అడిగాడు. కోపం ఆయన మీద కాదు, ఆ మాట మీద. ఆయన మంచి మనిషి కాదని నేననను. ఈ దేశంలో నేను చూసిన మనుషుల్లో అంత మెత్తనివాడు ఇంకొకరు లేరు. ఆ మెత్తదనం ఎవరిని ఏం చేసిందో కూడా చూశాను కనుక, ఆ రెండు ముక్కలతో సరిపెట్టుకోవడం నాకు చేతకావడం లేదు.

ఆయన్ని మొదటిసారి చూసింది రైల్లో. అప్పుడు నాకు వాల్డార్ఫ్‌లో ప్రాజెక్టు. సోమవారం పొద్దున్నే కొలోన్‌లో ఎక్కి మాన్‌హైమ్‌లో మారేదాన్ని. స్విట్జర్లాండ్ దాకా పోయే రైలది. ఇక్కడ టికెట్టు వేరు, సీటు వేరు. టికెట్టుంటే రైలెక్కొచ్చు. సీటు కావాలంటే దాన్ని విడిగా రిజర్వ్ చేసుకోవాలి, లేదా ఖాళీగా కనిపించిన చోట కూర్చోవాలి. మన దగ్గర రిజర్వేషన్ అంటేనే టికెట్టు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది ఒక పట్టాన తలకెక్కదు. ఆఫీసువాళ్ళు నాకు టికెట్టు ఒక్కటే ఇచ్చేవారు. ఖాళీ చూసి కూలబడటం నాకు అలవాటైపోయింది.

ఆ రోజు కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్నాను. తలుపు దగ్గర, పెట్టెలు పెట్టే చోట, ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. బూడిదరంగు కోటు, మెడలో మఫ్లరు, చేతిలో గుడ్డసంచి. మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. దిగాల్సిన స్టేషన్ దగ్గర పడిందేమో అనుకున్నాను. కాసేపటికి టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. ఆయన ఫోన్లో తన రైలు పాస్ చూపించి, దానితోపాటు సీటు కాగితం కూడా చూపించారు. ఆవిడ నంబరు చదివి, తల తిప్పి నా వైపు చూసింది. నేను కూర్చున్నది ఆయన సీట్లో. నెత్తి మీద చిన్న తెరలో, ఆ సీటు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రిజర్వ్ అయిందో ఊళ్ళ పేర్లు వెలుగుతూనే ఉన్నాయి, నేనే చూసుకోలేదు.

గబుక్కున లేచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

“కూర్చోమ్మా, కూర్చో. పావుగంట దాటిపోయింది. ఇప్పుడది నా సీటు కాదు.”

“అయ్యో, మీరు తెలుగోళ్ళా? అడగొచ్చు కద అంకుల్! నా వల్ల గింతసేపు నిలవడ్డరా?”

“అమ్మగారితో మాట్లాడుతున్నావు కదా. మధ్యలో లేపితే ఏం బావుంటుంది?”

ఇక్కడి రైళ్ళలో ఒక నియమం ఉంది. బండి కదిలిన పావుగంట లోపు వచ్చి కూర్చోకపోతే, రిజర్వ్ చేసుకున్న సీటు మీద హక్కు పోతుంది. ఆయన వాచీ చూసుకున్నది అందుకు. ఎప్పుడు తన సీటు అడుగుదామా అని కాదు, ఎప్పుడు ఆ హక్కు పోతుందా అని. అది పోయాక ఇక ఎవరినీ లేపనక్కర్లేదు, ఎవరితోనూ మాట పడనక్కర్లేదు. ఆయన మొహం అప్పుడు తేటపడింది. తర్వాత ఇదే తంతు చాలాసార్లు చూశాను. ప్రతిసారీ సీటు రిజర్వ్ చేస్తారు, అందులో ఎవరైనా కూర్చుని ఉంటే తలుపు దగ్గర నిలబడి పావుగంట గడిపేస్తారు. మరి రిజర్వ్ చేయడమెందుకని అడిగితే, “ఉండాలమ్మా. లేకుండా ఎలా వెళ్తాం?” అనేవారు. ఆ జవాబు నాకు అర్థమయ్యేది కాదు.

ఆయన డెబ్బైల్లో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే రిటైరయ్యారు. భార్య పోయి చాలా కాలమైంది. కొలోన్‌లో ఒక్కరే ఉండేవారు. ఆయన మాట్లాడే తెలుగు, ఆయన వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోయింది, కృష్ణాజిల్లా యాస కూడా చెక్కుచెదరలేదు. అందులో కొన్ని జర్మన్ మాటలు మాత్రం ఇంట్లో మనుషుల్లా తిరుగుతుండేవి. రిజర్వేషన్ అనేవారు కాదు, ‘రిజర్వీరుంగ్’ అనేవారు. ఎవరు కనిపించినా బాగున్నావా అనడానికి బదులు “రిజర్వీరుంగ్ చేయించావా?” అని అడిగేవారు. మా తెలుగు కుర్రాళ్ళు ఆయనకి చాటుగా రిజర్వీరుంగ్ గారని పేరు పెట్టారు. అది ఆయనకీ తెలుసు. పైగా సరదాపడేవారు.

ఎవరింటికైనా అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి, యూరప్ చూద్దామని, చాలా దేశాల్లో చెల్లే రైలు పాస్ కొన్నారంటే, ఆయనకి ఫోన్ వెళ్ళాల్సిందే. అన్నీ వినేవారు, ఆఖర్న ఒకటే చెప్పేవారు. “పాస్ ఉంది కదా అని ఎక్కేయకండి. పాస్ అంటే వెళ్ళనిస్తారు. అంతేగానీ కూర్చోనిస్తారని కాదు.” కొన్ని దేశాల్లో పాస్ ఒక్కటే చాలు, కొన్ని రైళ్ళకి దానిమీద సీటు కూడా తీసుకుంటే తప్ప గుమ్మం తొక్కనివ్వరు. ఈ తేడా ఆయన విసుగులేకుండా ఎంతమందికి చెప్పారో.

రైల్లో ఆయనతో వెళ్ళడం నాకు చిరాకూ, నవ్వూ కూడా. సంచిలోంచి కమలాపండు తీసి ఒలిచి, చుట్టూ ఉన్నవాళ్ళకి తలా ఒక తొన ఇచ్చేవారు. జర్మన్లు ఆ తొనను అరచేతిలో పట్టుకుని, తినాలో దాచుకోవాలో తెలియక బిక్కమొహం వేసేవారు. స్టేషన్‌లో రొట్టెల దుకాణం దగ్గర వెనకొచ్చిన ప్రతివాళ్ళనీ “మీరు కానివ్వండి” అని ముందుకు పంపేవారు. ఒకసారి ఆ మర్యాదలు అయ్యేసరికి రైలు తలుపులు మూసుకోబోతున్నాయి. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

“మీరు గిట్ల అందరికీ జరుగుకుంట పోతే, చివరికి మీకు జాగ ఏడుంటది అంకుల్?”

“నాకెంత చోటు కావాలమ్మా?” అని నవ్వేశారు.

ఏటా ఒక పాస్ కొని చుట్టుపక్కల దేశాలు తిరిగొచ్చేవారు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, హాలండ్, డెన్మార్క్. ఫోన్లో ఆ పాస్ తెరవడం, ప్రయాణాలు అందులో చేర్చడం ఆయనకి సరిగా వచ్చేది కాదు, ఆ పని నాకు అప్పజెప్పేవారు. అలా నాకు తెలిసింది, ఆయన ఫ్రాన్స్ తప్ప అన్ని దేశాలకీ వెళ్తారని. ఆయన ఒక్కగానొక్క కూతురు పారిస్‌లో ఉంది. కొలోన్‌లో ఎక్కితే మధ్యాహ్నానికల్లా పారిస్‌లో దింపే ఎర్రటి రైలు ఉంది. “మరి అమ్మాయి దగ్గరకి?” అని అడిగితే ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. “పారిస్‌కి సీట్లు లేవట.”

అది నమ్మదగ్గ మాటే. ఆ రైలుకి సీటు లేకుండా ఎక్కనివ్వరు. పాస్ ఉన్నవాళ్ళకంటూ కొన్ని సీట్లే పక్కన పెడతారు, అవి తొందరగా అయిపోతాయి. కానీ ఏ నెలలో అడిగినా, ఏ వారంలో అడిగినా లేవట. మన భాషలో ఆ ‘ట’ చాలా పనికొచ్చే అక్షరం. ఎవరు చెప్పారో చెప్పనక్కర్లేదు, అబద్ధమన్న నిందా మన మీద పడదు.

ఒకరోజు స్టేషన్‌లో కాఫీ తాగుతున్నాం. ఆయన డెన్మార్క్ ప్రయాణం చేర్చమని ఫోన్ నా చేతికిచ్చారు. చేతిలో ఉంది కదా అని పారిస్ రైలు కొట్టి చూశాను. వచ్చే ఆదివారానికి పాస్ సీట్లు ఉన్నాయి. ఆ పై ఆదివారానికీ ఉన్నాయి.

“ఉన్నయ్ కద అంకుల్! ఇగో, సూడుండ్రి.”

ఆయన చూడలేదు. నా చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని, బోర్లించి బల్లమీద పెట్టారు. తర్వాత నేనేమీ అడగకుండానే చెప్పారు.

“పెళ్ళయిన రెండో ఏడు అమ్మాయి వచ్చింది. చెప్పాపెట్టకుండా వచ్చింది. ఈ చెంపంతా వాచిపోయి ఉంది. చెయ్యి చేసుకోవడం అది మొదటిసారి కాదంది. వాళ్ళమ్మ ఒకటే ఏడుపు. అతను మనవాళ్ళ అబ్బాయేనమ్మా, పారిస్‌లో మంచి ఉద్యోగం. నేనే చూసి చేశాను. నలుగురూ అడిగితే ఏం చెప్పుకుంటాం అనిపించింది. మర్నాడు పొద్దున ఈ స్టేషన్‌కే తీసుకొచ్చి రైలెక్కించాను. అప్పటికప్పుడు రిజర్వీరుంగ్ చేయించాను. కిటికీ పక్కన ఇప్పించాను.”

కిటికీ పక్కన ఇప్పించానన్న మాట ఆయన ఏదో మేలు చేసినట్టుగానే అన్నారు.

“ఎక్కబోతూ నా వంక చూసింది. మేమెప్పుడూ జర్మన్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఒక్క మాటా తెలుగులో అన్నాను. ‘సర్దుకో తల్లీ’ అన్నాను. జర్మన్‌లో దానికి మాట తట్టలేదు.”

మన రైళ్ళలో అది ఎంత మంచి మాట! కాస్త సర్దుకోండి అంటే చాలు, ముగ్గురి చోటులో నలుగురు కూర్చుంటారు, నాలుగో మనిషి ఒళ్ళో వాళ్ళ పిల్ల కూడా. అందరూ తలా కాస్తా జరుగుతారు కాబట్టి అది మంచి మాట. ఇంట్లోకి వచ్చేసరికి అదే మాట ఒక్క మనిషికే చెబుతారు. జరగాల్సినవాడు మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంటాడు. మా ఇళ్ళల్లోనూ విన్నాను ఆ మాట. వినని ఆడపిల్ల ఉంటుందనుకోను.

“తర్వాత?”

“తర్వాత తనే విడిపోయింది. ఎన్నాళ్ళు పడిందో, ఎలా బయటపడిందో నాకు చెప్పలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు వచ్చింది. నాతో మాట్లాడలేదు. ఇప్పుడిప్పుడు పుట్టినరోజుకి ఫోన్ చేస్తే తీస్తోంది. ‘రావాలనుంటే రా’ అంటుంది. నేను సీట్లు లేవట అంటాను.”

“సీట్లు ఉన్నయ్. మీకే పోబుద్ధి అయితలేదు.”

“నిజమేనమ్మా. వెళ్తే ఏమనాలి?”

“తప్పయింది అనుండ్రి. గంతే. జర్మన్‌ల అంటరో తెలుగుల అంటరో మీ ఇష్టం. మీరు అనాలె, ఆమె వినాలె. ఇంకేం అవసరం లేదు.”

ఆయన తల ఊపారు. ఆ ‘సర్దుకో’ తెలుగులో అన్నారు కాబట్టి ఇదీ తెలుగులోనే అంటానన్నారు. అక్కడే కూర్చుని కూతురికి ఫోన్ చేశారు. ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక రమ్మంది. నన్ను కూడా రమ్మని ఆయన బతిమాలారు. అక్కడి మెట్రో తనకి తెలియదన్నారు. మెట్రో ఒక సాకు. నాకు తెలిసే వెళ్ళాను.

ఆ ఎర్ర రైల్లో ఎవరి సీటు వాళ్ళదే. ఆయన సీట్లో ఎవరూ కూర్చుని లేరు. తలుపు దగ్గర నిలబడటానికి వీల్లేదు, పావుగంట దాకా చూడటానికీ లేదు. పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు అంచుమీద కూర్చున్నారు. బ్రస్సెల్స్ దాటాక చూస్తే పెదాలు కదులుతున్నాయి. చెవి దగ్గరగా పెట్టి విన్నాను. “తప్పయిందమ్మా, తప్పయిందమ్మా” అనుకుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది.

కూతురికి యాభై దగ్గర ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టు, తండ్రి కళ్ళే. ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. కేకు తనే చేసింది. మంచి కప్పులు తీసి ఉంచింది. నాతో ఇంగ్లీషులో, ఆయనతో జర్మన్‌లో మాట్లాడింది. ఆరోగ్యం అడిగింది, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన మొహంలోకి చూస్తూ ఆగింది. ఆ ఆగడం నాకే అర్థమైంది, ఆయనకి అర్థం కాకపోవడమేమిటి?

ఆయన గొంతు సవరించుకున్నారు. సవరించుకుని, ఈ రైలుకి పాస్ సీట్లు ఎలా ఇస్తారో చెప్పడం మొదలుపెట్టారు. ఎన్ని నెలల ముందు తెరుస్తారో, స్పెయిన్‌కయితే ఎలాగో, ఇటలీకయితే ఎలాగో. నేను బల్లకింద కాలితో తట్టాను. ఆయన కాలు పక్కకి జరుపుకున్నారు. కప్పులు కడుగుతానని లేచి వంటింట్లోకి పోయి, కుళాయి సన్నగా తిప్పి, చెవులు రిక్కించి నిలబడ్డాను. అను, అను, అని లోపల్లోపలే పోరుపెడుతున్నాను. ఆయన జర్మన్ వినిపిస్తూనే ఉంది. డెన్మార్క్ వెళ్ళేటప్పుడు వంతెన మీంచి సముద్రం ఎలా కనబడుతుందో చెబుతున్నారు. ఆమె మధ్యమధ్యలో ఊ కొడుతోంది.

బయల్దేరే వేళయింది. గుమ్మం దగ్గర ఆయనకి కోటు తొడిగింది. తొడిగి, కాలరు సర్ది, ఆ మధ్యాహ్నమంతట్లో మొదటిసారి తెలుగులో మాట్లాడింది. పదేళ్ళ పిల్ల తెలుగు. అక్కడితో ఆగిపోయిన తెలుగు.

“నాన్నా, నువ్వు నాకు ఏమైనా చెప్పాలి, ఉందా?”

ఆయన పెదాలు కదిలాయి.

“ఈసారి కాస్త ముందుగా చెప్పమ్మా,” అన్నారు ఆయన. “పాస్ వాళ్ళ సీట్లు తొందరగా అయిపోతాయి.”

ఆమె ఆయన్ని కాసేపు చూసింది. కోపం కూడా కనబడలేదు ఆ మొహంలో. “సరే నాన్నా,” అని మెల్లగా తలుపు వేసుకుంది.

తిరుగు ప్రయాణంలో నోరు విప్పితే ఏమంటానో నాకే భయం. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తున్నారు, హాయిగా, సీట్లో వెనక్కి వాలి. ఇక పట్టలేకపోయాను.

“ఎందుకు అనలేదు అంకుల్? ఆమె నోరు తెరిచి అడిగింది. తెలుగుల అడిగింది.”

“ఇల్లు బావుంది కదమ్మా,” అన్నారు. “తనూ బావుంది. కేకు కూడా చేసింది. ఇప్పుడు పాతవన్నీ ఎందుకు ఎత్తడం? తనే సర్దుకుంది.”

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో! బరువు దిగిన మనిషి మొహం అది. ఆయన మంచితనం ఎక్కడిదో నాకు అప్పుడు తెలిసింది. ఒకరికి కష్టం కలిగించే మాట అనలేకపోవడం, ఒకరి ఎదుట నిలబడి ఇది నాది అనలేకపోవడం, అంతే. తన సీటు వదులుకున్నంత సులువుగా కూతురిని వదిలేశారు. ఆ వదులుకోవడాన్నే మేమందరం మంచితనమని మెచ్చుకుంటూ వచ్చాం. కమలాపండు ఒలిచి తొన నా చేతిలో పెట్టారు. ఆ జర్మన్లలాగే దాన్ని అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత నేను ఫోన్ చేయడం తగ్గించాను. ఆయన మటుకు ఎప్పటిలాగే చేసేవారు, రిజర్వీరుంగ్ చేయించావా అని అడిగేవారు. పారిస్ మాట మళ్ళీ ఎత్తలేదు. చలికాలంలో ఊపిరితిత్తులకి నెమ్ము చేరి ఆసుపత్రిలో చేరారు. చూడటానికి వెళ్తే నర్సుని పిలవడానికి గంట నొక్కడం కూడా మొహమాటపడుతున్నారు. అదే ఆఖరు.

కూతురు వచ్చి అంత్యక్రియలు జరిపించింది. మావాళ్ళు చాలామంది వెళ్ళారు. ఆమె చేతులు పట్టుకుని మీ నాన్నగారు ఎంత మంచివారో అని ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే, ఆమె జర్మన్‌లో కృతజ్ఞతలు చెబుతూ నిలబడింది. నేను ఏమీ అనకుండా దండం పెట్టి వచ్చేశాను.

రెండు రోజులకి ఆమే ఫోన్ చేసింది. ఆయన ఫోన్లో నా నంబరు చూసిందట. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా అడిగింది. ఆ రోజు తిరిగి వెళ్ళేటప్పుడు రైల్లో మా నాన్న నా గురించి ఏమైనా అన్నారా? ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దారి పొడుగునా ఏడ్చారని, మీకు చెప్పలేకపోయినందుకు కుమిలిపోయారని చెప్పేస్తే ఎవరికేం నష్టం? ఆమెకి కాస్త నిద్ర పడుతుంది. కానీ ఆ అబద్ధం ఎవరి కోసం? మళ్ళీ ఆయన్ని మంచివాణ్ణి చేయడానికే కదా. ఆమె అడిగింది ఓదార్పు కాదు.

“మీరు సర్దుకున్నారు, అన్నారు,” అని తెలుగులోనే చెప్పాను. ఆ మాటకి ఇంగ్లీషు నాకూ తట్టలేదు.

అవతల ఆ చిన్నపిల్ల తెలుగు వినబడింది.

“లేదు. నేను సర్దుకోలేదు.”

“నాకు తెలుసక్కా,” అన్నాను.

“మీకు తెలుసు,” అంది. “నాన్నకి కదా తెలియాలి.”